చివరి చుక్క

ముందే చెబుతున్నాను, ఆ డబ్బు తిరిగి రాలేదు.
పదకొండు బల్లగుడ్డలు, రెండు దుప్పట్లు,
నలభైమంది ఆడవాళ్ళ మూడు నెలల కళ్ళు.
సొసైటీ పేరుతో ఎవడో రాసిన మెయిల్ నమ్మి
డెన్మార్కు షావుకారు
ఎవడి ఖాతాలోనో జమ చేశాడు.

"మన పేరు పెట్టుకుని ఎవడన్నా ఉత్తరం రాసేయొచ్చాండీ?"
నర్సాపురంలో నా కొట్టు మెట్ల మీద నిలబడి
లేసు సొసైటీ కార్యదర్శి కంకిపాటి సువార్తమ్మ.
"ఇన్నాళ్ళూ రాసేయొచ్చేనండి" అన్నాను.
వంగి చెప్పు తీసింది.
నా మీదికేననుకున్నాను.
రెండోది కూడా విడిచి లోపలికొచ్చి కూర్చుంది.

మూడేళ్ళ కిందట ఆ డొమైను కొనిపెట్టింది నేనే.
ఎమ్మెక్స్ రికార్డొకటి అతికించి
మెయిళ్ళు వస్తున్నాయిగా అని
ఎనిమిది వందలు పుచ్చుకుని వదిలేసిందీ నేనే.
తలుపు లేని గుమ్మానికి తోరణం కట్టి వచ్చాను.
ఆమెకి చెప్పలేదు.
ఇక్కడ చెబుతున్నాను.

ఈసారి మొదటినుంచీ.
"ఉత్తరాలు క్లౌడులో ఉంటాయమ్మా, అద్దె గది.
పేరు మాత్రం మనది.
పేరడిగిన వాళ్ళకి దారి చెప్పే చిట్టా ఇది.
ఎమ్మెక్స్ అంటే ఏ గుమ్మంలో వెయ్యాలో.
పది అంకె వీధి గుమ్మం, ఇరవై పెరటి గుమ్మం.
ఎస్పీఎఫ్ అంటే మన తరఫున ఎవరు మాట్లాడొచ్చో."
"శుభలేఖలిచ్చి ఫలానావాళ్ళని పంపుతున్నామని
ముందే కబురెట్టినట్టాండీ?"
"ఆయ్, అంతేనండి."

డీకిమ్ తాళం అతికించాను.
అర్థం లేని అక్షరాలు, నాలుగు వందల పైచిలుకు.
కళ్ళజోడు నుదుటిమీంచి దింపి
తెరమీద వేలు ఆనించి నడిపించుకుంటూ వెళ్ళి
ఒకచోట ఆగింది.
"ఇక్కడ కన్ను జారిందండి."
రెండు ముక్కల అతుకులో
ఎవరికీ కనిపించని ఖాళీ ఒకటి.
ఇంగ్లీషు చదవడం రాదామెకి.
అల్లిక చదవడం వచ్చు.

"దొంగ ఉత్తరం దొరికితే ఏం చెయ్యమంటారు?
చూసీ చూడనట్టు పోనివ్వాలా,
పక్కన కూర్చోబెట్టాలా, తిప్పి పంపెయ్యాలా?"
"తిప్పి పంపెయ్యండి."
"కొన్నాళ్ళు ఊరికే చూద్దామండీ,
మనవాళ్ళే ఎవరన్నా పట్టుబడొచ్చు."
"డబ్బు పోయింది మాదండి."
నా దగ్గర జవాబు లేదు.

ఎప్పటికి అందుతుందో చెప్పడం నా వల్ల కాదు.
గంట అంటాను, రెండ్రోజులు అంటాను,
జనం నన్ను అబద్ధాలకోరుని చూసినట్టు చూస్తారు.
సువార్తమ్మే చెప్పింది, కాలవ లస్కరు కూతురు:
"విజ్జేశ్వరంలో తలుపులెత్తిన నాడే
మొగల్తూరు శివారు తడుస్తుందాండీ?
ఎవడి బోదెలో పాత నీళ్ళున్నాయో
అవి అయ్యేదాకా వాడు వాటినే తోడుకుంటాడు."
పన్నెండేళ్ళుగా నాకు దొరకని మాట.

రాత్రి పదకొండైంది. ఒక్క మెయిలూ రాలేదు.
దోమల మధ్య వరసన వెతుకుతుంటే తెలిసింది,
పేరు చివర చుక్క పెట్టలేదు.
చుక్క లేకపోతే
పేరింకా అయిపోలేదనుకుంటుంది యంత్రం,
ఇంటిపేరు మళ్ళీ తగిలిస్తుంది.
కంకిపాటి సువార్తమ్మ కంకిపాటి.
అలాంటి మనిషి ఏ ఊళ్ళోనూ లేదు.
ఉత్తరాలన్నీ ఆ లేని మనిషి కోసం
తిరిగి తిరిగి వెనక్కి పోతున్నాయి.

చుక్క పెట్టాను.

మర్నాడు ఎనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చింది.
వద్దంటే అనుమానం వస్తుందని తీసుకున్నాను.

మూడోరోజు
సఖినేటిపల్లి రేవుకి పంటు మీద పోతుంటే ఫోను.
డెన్మార్కు నుంచి ఒక్క వాక్యం వచ్చిందట,
మనవరాలి చేత చదివించుకుందట:
ఈసారి నిజంగా మీరేనా?
"ఏం రాయమంటారండీ?"
"మేమేనని రాయండి. రికార్డులన్నీ సరిగ్గానే ఉన్నాయి."
"మరి అప్పుడెందుకు సరిగ్గా లేవని అడిగితే?"

వశిష్ఠ నడిమధ్యలో ఉన్నాం.
ఇంజను చప్పుడుకి
వినపడనట్టు ఊరుకున్నాను.