తొమ్మిది శంఖాల అవతల

గుణుపురం మండీలో
తేమ కొలిచే మిషను పక్కన నా బల్ల.
బయట ట్రాక్టర్లు, వంశధార మీంచి చలి.
లోపల నల్లటి తెర, దాని మీద
నేను రాసిన నలభై వరుసల స్క్రిప్టు.

జిల్లా, మండీ, రైతు, తేదీ, కాటా, బస్తా
అన్ని నంబర్లూ అతికిస్తే ఇరవై ఒక్క అంకెలు.
బస్తా బస్తాకీ ఒకటి కలుపుకుంటూ పొమ్మన్నాను.
పోయింది.

సుకురు సబర చీటీ బయటికొచ్చింది.
అంకెల ముందు ఒక అడ్డగీత,
గడ్డిపోచంత.
పాణిగ్రాహి బాబు కళ్లజోడు సవరించుకుని
"మైనస్" అన్నాడు.
తెల్లారకుండా కొండ దిగినవాడు
చీటీని తిరగేసి, బోర్లేసి చూసుకుని
"ఏటమ్మా, నాను బాకీనా?" అన్నాడు.

బాకీ కాదు తాతా,
దీని గాదె చిన్నది.
నిండేదాకా బాగానే మోస్తుంది.
ఆపైన ఒక్క గింజ వేశామా
గాదె పగలదు, గంట మోగదు,
తప్పు జరిగిందని ఒక్క ముక్క చెప్పదు.
అట్టడుగు అప్పులోకి దూకి
అక్కణ్ణుంచి మళ్లీ లెక్క మొదలెడుతుంది,
ఏమీ ఎరగనట్టు.
అంకెల ముందు సున్నా పెట్టి చూడు, ఇంకా విడ్డూరం:
ఎనిమిది అనేది పుట్టనే లేదంటుంది.

బరంపురంలో మా చిన్నాయన
పట్టుపోగులు సాపు చేస్తూ వల్లించేవాడు:
శతకోటి, అర్బుదం, న్యర్బుదం,
ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం,
క్షోణి, మహాక్షోణి, శంఖం...
పోగు తెగితే ముడేసి
ఆగిన మాట దగ్గర్నుంచే అందుకునేవాడు.
మన మగ్గానికి అన్ని పోగులెక్కడివి చిన్నాయనా?
"లేవు. నోటికి భయం పోవాలి కదా."

బల్ల కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాను.
పంతొమ్మిదో స్థానం శంఖం.
సరిగ్గా తొమ్మిది శంఖాలు దాటి
మరికాస్త దూరం నడిచి
నా స్క్రిప్టు తలకిందులవుతోంది.
అది బతికే చోటుని షెల్ అంటారు.
షెల్ అంటే గుల్ల. శంఖమూ గుల్లే.
శంఖంలో పోస్తేగాని తీర్థం కాదని
అన్నీ అందులోనే పోశాను, ఇన్నాళ్లూ.
చిన్నాయన మాత్రం అక్కడ ఆగేవాడు కాదు.
మహాశంఖం, క్షితి, మహాక్షితి అంటూ
కండె మార్చేవాడు.

పాత పనిముట్టు ఒకటుంది, బీసీ.
"దానిక్కూడా రిజర్వేషనా?" అని నవ్వాడు పాణిగ్రాహి.
అది సంఖ్యని గుటుక్కున మింగదు.
ఒకట్ల స్థానం నుంచి ఎడమకి,
మిగిలింది పక్కింటికి చేరవేస్తూ
రెండో తరగతి పిల్లలా కూడుతుంది.
ఎంత పొడుగైనా సరే, పలక చాలినంత వరకూ.
రెండు వరుసలు మార్చాను.
అడ్డగీత పోయింది.
సుకురు తాత మొలలోంచి వెదురుబద్ద తీశాడు.
పదకొండు గాట్లు.
చీటీలోనూ పదకొండే.
ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం,
పరీక్ష పాసైనవాళ్లలా.

అప్పుడు కాటా దగ్గర్నుంచి కేక:
తేమ ఎక్కువ, బస్తాకి నాలుగు కిలోలు కోత.
నలభై నాలుగు.
దానికి ఏ గాదే పొంగలేదు,
ఏ స్క్రిప్టూ తడబడలేదు.
నేనే టైపు చేశాను.
తాత ఏమీ అనలేదు.
గాట్ల చివర కత్తితో
ఒక ఏటవాలు గీత గీసి
బద్దని మొలలో దోపుకుని వెళ్లాడు.

రాత్రి నిద్ర పట్టక
రెండుని మూడువందలసార్లు గుణించమన్నాను.
కనురెప్ప వేసేలోగా తొంభై ఒక్క అంకెలు.
అరవై ఎనిమిది మొదటి వరుసలో,
మిగతా ఇరవై మూడు కింద.
మొదటి వరుస చివర, అంచు దగ్గర,
ఒక ఏటవాలు గీత.
పుస్తకం తీసి చూశాను దాని అర్థమేమిటని:
లెక్క ఇక్కడితో అయిపోలేదు.

దీపం ఆర్పలేదు.
వెదురు మీద ఆ గీత
ఎటు వాలిందా అని
చాలాసేపు గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.