టికెట్ వెనక రాసిన చిల్లర

నల్లగొండ పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.
ఎథిక్స్ కమిటీ మీటింగు.
వాళ్ళ కాయితంల నా పేరు ముందల
'సామాన్య సభ్యురాలు' అని ఉంటది.
దేవరకొండ డిపోల ఇరవై తొమ్మిదేండ్లు
కండక్టర్ చేసిన అండాలును.
చాయ్ ఇచ్చిండ్రు, రెండు బిస్కెట్లు,
ముప్పై ఆరు పేజీల సమ్మతి పత్రం.

చదివిన. అద్దాలు తుడుసుకొని మల్ల చదివిన.
మనిషి నెత్తురు దీస్తరు.
అండ్ల కణాలను పట్నం ల్యాబుకు పంపి
ఇంటి కుక్కకు దొంగవాసన నేర్పినట్టు
క్యాన్సర్‌ను గుర్తువట్టుడు నేర్పి
అదే మనిషికి తిరిగి ఎక్కిస్తరు.
మంచిదే. ఎవరు కాదన్నరు?

కాని మర్రిగూడ రూట్ల తిరిగినదాన్ని.
నా బస్సులకెల్లే సీసాలు పోయినయి:
బోరునీళ్ళు, పిల్లల ఉచ్చ, ఊడిన పాలపండ్లు.
డబ్బాలకు లగేజి టికెట్ కొట్టింది నేనే.
ఒక్క రిజల్టన్న
తిరుగుబస్సు ఎక్కంగ చూడలే.

పేజీ ముప్పై ఒకటి:
'కణాలు ఒంట్ల ఏండ్ల తరబడి ఉండవచ్చు.
పదిహేనేండ్లు పరీక్షలు అవసరం.'
పేజీ ముప్పై నాలుగు:
'నిధులు మూడేండ్లకు మంజూరు.'
నడుమ బీమా, సంతకాలు,
వేలిముద్రకు ఒక ఖాళీ డబ్బా.

చెయ్యి లేపిన.
"పదిహేనేండ్ల దూరానికి
మూడేండ్ల డీజిల్ పోసుకొని బయలెల్లుతున్నరు.
నడుమ ఆగితే పాసింజర్లను ఏడ దించుతరు సారూ?"

కంపెనీ పిల్లగాడు నవ్విండు. మర్యాదగల్ల నవ్వే.
"రెండో విడత వస్తదమ్మా."
డాక్టర్ శ్రీరంగం సారు నవ్వలే.
పెన్ను మూత తీసిండు, మల్ల పెట్టిండు.
కింద బెంచీ మీద కేతావత్ జమ్లు ఉన్నడు.
ముప్పై రెండేండ్లు. బోరుబండి మీద పని.
రెండు మందులు ఫెయిలైనయి. మిగిలింది ఇదే.

మేం ఆలస్యం జేస్తే ఆయన దినాలకెల్లే కోత.
అది యాదికొచ్చి చెయ్యి దించబుద్ధైంది.
దించలే.

సర్వీసుల ఉన్నప్పుడు
చిల్లర లేకుంటే టికెట్ వెనక రాసిచ్చేదాన్ని:
'ఇరవై ఇయ్యాలె.'
అడిగినోళ్ళు అడిగి తీసుకున్నరు.
నిద్రవోయినోళ్ళు, చంటిపిల్లల తల్లులు, సిగ్గుపడ్డోళ్ళు
ఊరికే దిగిపోయిండ్రు.
రాత్రి డిపోల లెక్కజేస్తే సంచి అడుగున
ఎవరియో తెల్వని రూపాయలు.
వాటినేం జేసిన్నో
ఏ కమిటీ నన్ను అడగలే.

అందుకే రాయించిన:
పదిహేనేండ్ల పరీక్షల పైసలు ముందుగాల్నే బ్యాంకుల వెయ్యాలె,
కాయితం ఆయన భాషల చదివి చెప్పాలె.
ఆరుగురు సరే అన్నరు.
ఒకాయన గడియారం చూసుకున్నడు.
మంజూరు నెల వెనక్కి జరిగింది.

మెట్లు దిగుతుంటే జమ్లు లేచి నిలవడ్డడు.
"ఏమాయె అక్కా, అయితదా?"

చేతిల ఓపీ చీటీ.
దాని వెనక
ఇంకా ఎవ్వరూ ఏం రాయలే.