ఒత్తు

సిక్కోలు కలెక్టరాఫీసు కాడ, రేకు నీడన
దాలినాయుడు టైపు మిషను.
అర్జీకి నలబై. తప్పు తనదైతే ఉత్తినే దిద్దుతాడు.

రీహేబిలిటేషన్ కొడతా కొడతా
మజ్జిలో ఆగి నవ్వినాడు:
“తోక తగిల్తే మాటెంత సాగిందో సూడు, పిన్నీ!
రీహేబిలిటేట్ అన్నంతసేపూ
ఒత్తంతా ‘బి’ మీదుంటాది.
‘షన్’ వొచ్చి కూకుందా,
‘బి’ని లేపేసి ‘టే’ మీదకి గెంతేస్తాది.”

ఏళ్ళ మీద లెక్కెట్టినాను.
రీ, హే, బి, లి, టే, షన్.
ఒక సెయ్యి సాల్లేదు.

మా మాటలకీ తోకలున్నాయి నాయినా.
ఊరు.
ఊరోలు.
ఊరోలందరికీని.
ఎన్ని తగిలించు,
‘ఊ’ మొదట్లోనే కూకుంటాది, బారుగా.
వంశధార నీల్లు మా గడపలెక్కీసినా
అది జరగనేదు.

కాయితం అంచు వొచ్చీసింది.
మాట పట్టనేదు.
అడ్డగీత కొట్టి
రీహేబిలి ఇక్కడుంచి
టేషన్ కిందకి దించినాడు.

“సగమేనేటి బాబూ?”

“మిగతాది తర్వాత వరసలో ఉంటాదిలే.”

లోపల కిటికీ కాడ గుమస్తా కూడా
తలెత్తకుండా
అదే మాటన్నాడు.