అంట

నా ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టరు.
అంబాజీపేటలో సగం మంది ముందు ముక్క మింగేసి
కలెక్టరుగారండీ అనేవారు, నవ్వకుండా.
తెల్లారగట్ల టార్చిలైటు, నోట్లో గాజుగొట్టం.
దండెం మీద లుంగీ చాటున
రక్తం తాగి కునుకుతున్న దోమని
చప్పుడు కాకుండా పీల్చి పట్టడం.
ముప్పై ఒక్క ఏళ్ళు.
మూడు మింగాను. రికార్డులో రాయలేదు.

మొన్న కాకినాడ నుంచి ఫోను.
సువర్చల మేడమ్‌గారు రిటైరవుతున్నారు, సన్మానం, రమ్మని.
ముందు వరస కాదు గానీ
ఫ్యాను కింద కుర్చీ వేశారు.

ఒకాయన కాగితం చూసి చదివాడు:
యాభై రెండు పరిశోధనా పత్రాలు,
రెండువేల నూట పద్దెనిమిది సైటేషన్లు,
హెచ్ ఇండెక్సు ఇరవై మూడు.
చప్పట్లు.
పక్కన కుర్ర డాక్టర్ని అడిగాను, సైటేషనంటే ఏంటి బాబూ.
"ఒకళ్ళు కనిపెట్టింది ఇంకొకళ్ళు వాడుకుంటూ
ఫలానావారు చెప్పారని పేరు పెట్టి రాయడమండి."
మరి ఇరవై మూడు?
అతను వేళ్ళు ముడుస్తూ చెబుతుంటే
నాకు కొబ్బరితోటగా అర్థమైంది.
ఇరవై మూడు చెట్లు,
చెట్టుకి ఇరవై మూడు కాయలకి తగ్గని దింపు.
మిగతా చెట్లు కాయలేదని కాదు,
ఈ లెక్కకి అందవు.

అన్నిటికంటే ఎక్కువ కాసిన చెట్టు నాకు తెలుసు.
తొంభై నాలుగులో రాసింది.
పీచు నానేసే గుంటలు, వాటి చుట్టూ నాలుగు పేటలు,
రాత్రి పది దాటాక వేలికొస పొడిచి
గాజుపలక మీద మూడు చుక్కలు.
ఆ పురుగు రాత్రిపూటే రక్తంలోకి వస్తుంది.
"మరి పగలెక్కడుంటాదమ్మా?" అంది చింతా మంగాయమ్మ,
పీచు కొట్టి కొట్టి చిట్లిన వేలు చాపుతూ.
ఊపిరితిత్తుల్లో పడుకుంటుంది అన్నారు మేడమ్.
"నాకంటే నయం," అంది మంగాయమ్మ.

ఆ పత్రంలో ఒక వాక్యం నాది.
పద్నాలుగు పలకలు చీమలు తిన్నందున లెక్కలో చేర్చలేదు.
ఆ పెట్టె నేనే నేల మీద పెట్టాను.
దాచేద్దామండీ, ఎవరు చూస్తారు అన్నాను.
ఆవిడ చీమలని కూడా రాశారు.

టీ తాగేటప్పుడు పక్కకి పిలిచి అన్నారు:
"సత్యానందం, ఆ నాలుగొందల్లో అరవై మంది
నేను రాసింది తప్పు అని రాశారు తెలుసా.
అవీ కలిపేశాడు పాపం, చప్పట్లలో."
నవ్వితే ఇంకా ఆ పన్ను మీద పన్ను కనబడింది.
కాళ్ళ గురించి రాసిన రెండు పేజీలకి ఎన్నండీ అన్నాను.
సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో అద్దితే
బోదకాలికి జ్వరం తగ్గుతుందని,
మంగాయమ్మ కాలు కడిగి కడిగి రాసింది.
బిస్కెట్టు టీలో ముంచి, విరిగిపోయేదాకా చూసి,
"ఒకటి," అన్నారు. "అది కూడా నేనే."

వేదిక మీద శాలువా, మెమెంటో, గ్రూపు ఫోటో.
రావులపాలెం బస్సులో నిద్ర పట్టలేదు.

ఈ మధ్య నా కుడి మడమ దగ్గర కొంచెం వాపు.
ముప్పై ఒక్క ఏళ్ళు దోమలతో కాపురం,
ఏదో ఒకటి ఉంచుకోకపోతే బాగోదు.
నిన్న సాయంత్రం కాలవరేవులో కాళ్ళు కడుక్కుని
అలాగే చెప్పుల్లో దూర్చబోతుంటే
గిన్నెలు తోముతున్న పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో,
ఎవరి పిల్లో నాకు తెలీదు,
తలెత్తి కేకేసింది:
"తాతా, వేళ్ళ సందులు తడిగా ఉంచకూడదంట.
పైగుడ్డతో అద్దుకోవాలంట. రుద్దకూడదంట."

మూడు అంటలు.
నేను మెట్టు మీద కూలబడి
పైగుడ్డ తీశాను.
ఎవరు చెప్పారే?

పిల్ల చింతపండు పీచుతో గిన్నె అడుగు గీరుతూ
కాసేపు ఆలోచించింది.

"ఏమో. అంటారు."