చొక్కాకి పన్నెండు నిమిషాలు

పోర్తోలో, నది వైపు జారిపోయే మా మెట్ల వీధిలో
పర్యాటకుల పెట్టెల చక్రాలే తెల్లవార్లూ కూస్తాయి.
రాళ్ల మీద టకటకా, టకటకా.
ఆ చప్పుడుకి ఇంకా ఖాళీ కాని కొంపలెన్నో
లెక్క రాయడం నా ఉద్యోగం.

ఉద్యోగం అనకూడదట.
కాగితాల్లో దాని పేరు ఉపకార వేతనం.
ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నట్టో
ఆ సంగతి ఏ పేరాలోనూ లేదు.

నెలకి పదకొండు వందల ఎనభై యూరోలు.
గదికే ఆరు వందల యాభై,
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, అది ఉచితం.
మిగిలిందాన్ని ముప్పై రోజుల మీద
రొట్టెకి వెన్న రాసినట్టు సాగదీసి రాస్తాను.
ఇరవై రెండో తేదీకల్లా
కత్తి వట్టి రొట్టెని గీరుతుంటుంది.

"ఆదాయంలో మూడో వంతు అద్దెకి పోతే
ఆ కుటుంబం భారం కింద ఉన్నట్టు"
అని నా థీసిస్ మూడో అధ్యాయంలో నిర్వచించింది నేనే.
నాది సగం దాటింది.
తనని తాను ఉదహరించుకోవడం
పద్ధతి కాదు కనక ఊరుకున్నాను.

నవంబరు వానలో మూడో అంతస్తు ఎక్కితే
దియోలిందా గారు ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకునే తలుపు తీసింది.
డెబ్బై ఒకటేళ్లు.
ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు ఫ్రిజ్ మీద,
నిమ్మకాయ బొమ్మ అయస్కాంతం కింద.

"డాక్టరమ్మా, నువ్వు ఏ జబ్బుకి మందిస్తావు?"
మందివ్వనండీ, అడిగి రాసుకుంటాను.
"నాడి చూసి లేచిపోతావన్నమాట. కూర్చో."

నలభై ఒక్క ప్రశ్నలు. రికార్డరు తిరుగుతోంది.
పందొమ్మిదోది, మీ నెల ఆదాయం ఎంత, అన్నచోట
ఆమె ఇస్త్రీపెట్టెని మడమ మీద నిలబెట్టింది.
అది బుస్సుమని నిట్టూర్చింది.
"ముందు నీది చెప్పు."

అడిగేవాళ్లు తమ గోడు చెప్పకూడదు,
జవాబు వంకర పోతుంది, అని శిక్షణలో నేర్పారు.
చెప్పేశాను.

వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపింది.
రాత్రిళ్లు టైపు చేసే గంటలూ కలపమంది,
ఆదివారాలు కూడా కలపమంది, కలిపాను.
"గంటకి అయిదు," అంది.
"నాకు చొక్కాకి పన్నెండు నిమిషాలు,
చొక్కాకి యూరోన్నర."
తక్కిన గుణకారం పైకి చెయ్యలేదు.
మర్యాదస్తురాలు.

ఎన్నేళ్లు చదివావంది. ఇరవై రెండన్నాను.
ఆ అంకెని కాసేపు నోట్లో నానబెట్టి
"సరే, ఈ చెయ్యి పట్టుకో," అని చొక్కా చెయ్యొకటి అందించింది.
కాలరు ముందు, భుజం తర్వాత, బొత్తాల చుట్టూ మొనతో.
ప్రశ్నలు అడుగుతూనే పట్టుకున్నాను.
ఏ హోటల్లోదో పేరు కుట్టిన తెల్లచొక్కాలు,
పాతిక దాకా.

చీకటి పడ్డాక కేబేజీ సూప్ పోసింది.
ఉన్న ఒక్క సాసేజి ముక్కా నా గిన్నెలోకి జారింది.
ఆమె తినమంది, నేను పని మరవలేదు:
ముప్పై మూడు, గత నెలలో బయటివారి నుంచి
భోజన సహాయం ఏదైనా అందిందా?

"అందలేదు. ఇచ్చానని రాయి."

ఆ జవాబుకి మా ఫారంలో గడి లేదు.
'ఇతరములు' ఎదురుగా టిక్కు పెట్టి
గిన్నె ఎత్తి అడుగు దాకా తాగాను.

మార్చిలో నివేదిక వచ్చింది.
దియోలిందా గారు ఆరో పట్టికలో
నాలుగో వరుస తాలూకు ఒక శాతంలో ఎక్కడో ఉంది.
మనిషి మాత్రం నది దాటి, మేనకోడలింటికి,
రెండు బస్సులు మారేంత దూరం వెళ్లింది.
నా ఉపకారాన్ని ఆర్నెల్లు పొడిగించారు, అంతే మొత్తానికి.
గది అద్దె నలభై పెరిగింది.

టేపులో నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడరు.
ఆవిరి, గుడ్డ దులిపిన చప్పుడు, కింద చక్రాలు.
రాతప్రతిలో తీసెయ్యమన్నారు. తియ్యలేదు.

నిన్న మా విభాగాధిపతి నా కాలరు చూసి
"ఎక్కడైనా ఇంటర్వ్యూ ఉందా?" అన్నాడు.
ఉందండీ, అన్నాను.
పందొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగింది.