మునుపు

ఫారంలో నాలుగో గడి పేరు 'మునుపు'.
ఓడ నుంచి నూనె కారకముందు
ఈ బురదలో చదరపు మీటరుకి
ఎన్ని ఎండ్రకాయలు, ఎన్ని గుల్లలు, ఎన్ని మడ వేళ్లు?
ఎవరూ లెక్కపెట్టలేదు.
బాగున్నప్పుడు ఎవరు లెక్కపెడతారు?

కృష్ణపట్నం దాటి, కండలేరు సముద్రంలో కలిసేచోట
ప్లాస్టిక్ గొట్టాల చట్రం భుజాన వేసుకుని
మోకాటిలోతు బురదలో నిలబడ్డాను.
తెల్లమడ ఊపిరివేళ్లు
గీసి పారేసిన అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

పామంజి కావమ్మ నాకన్నా ముందే దిగింది.
ఆమెకి చట్రం అక్కర్లేదు, మడమ చాలు.
"మునుపా? రాసుకో అబ్బయా.
నీళ్లు తీసిన పూటకి గంపెడు గుల్లలు.
రెండో గంప తేలేదని మా అత్త తిట్టేది.
కాలు పెడితే కరకరమనేది ఈ నేల.
ఇప్పుడు పలకదు."

గంపెడంటే ఎన్ని కిలోలని అడిగాను.
"మా అత్త గంపా, నా గంపా?" అంది.

సీసాలు చెన్నై పోయాయి,
మూతల మీద తేదీ, పోటు వేళ, నా సంతకంతో.
ఓడ ట్యాంకులో తీసిన చుక్కా, మా బురదలో చుక్కా
ఒక తల్లి బిడ్డలేనని కాగితం వచ్చింది.
తీరానికి ఇంత, మడకి ఇంత అని కట్టారు.
కావమ్మ గంప గోడవార బోర్లా పడున్న
పద్నాలుగు నెలలకి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను.
పైవాళ్లు చెరిపితే చెరపనీ.

నాట్ల రోజున దారం పట్టి వరసలు గీస్తుంటే
"మడి కాదు సారూ, మడ!" అని దారం లాగేసింది.
"ముందు కాలవ తవ్వండి.
నీళ్లు ఏ దోవన పోతే ఆ దోవన నిలబడతాయి మొక్కలు."
నాలుగొందలు నాటాం. నూటపది బతికాయి.
కొన్నిటిని మేకలు తిన్నాయి; దానికి ఓడని అనలేం.

రెండో కార్తీకం, పదిహేడో చట్రం.
చిటికెన వేలు పట్టేంత బొరియ,
చుట్టూ ఆవగింజలంత మట్టి ఉండలు,
ఒంటి ఎర్ర డెక్క పైకెత్తి
ఎవర్నో రమ్మంటూ ఒక ఎండ్రకాయ.

కలం తీశాను.
కావమ్మ నీడ అడ్డం పెట్టింది.
"అప్పుడే రాయబాక అబ్బయా.
ఒకటొచ్చిందంటే అన్నీ వచ్చాయని
సంతకాలు పెట్టేసి పోతారు."

ఒకటి అని రాశాను. రాయక తప్పదు.
మునుపు గడిలో, ఇన్నాళ్లకి, 'గంపెడు' అని కూడా.
ఆమె చదవలేదు. రెండుసార్లు చదివించుకుంది.
ఏమీ అనలేదు.

ఈలోగా పోటు మొదలైంది.
ఎండ్రకాయ లోపలికి దిగి
నెత్తిమీదికి బురద మూత లాక్కుంది.