తెప్ప దించిన మెడ

పుస్తకంలో అతనిది ఒక్కటే బొమ్మ.
ఏరు దాటేశాడు. ఒడ్డున నిలబడ్డాడు.
నెత్తిమీద తెప్ప ఇంకా దించలేదు.
దుంగల కొసల్నుంచి కారే నీళ్లు
సిరాలో ఏడు చుక్కలు.

సెసెగ్మా గీసింది ఆ క్షణాన్నే.
దానికి ముందూ వెనకా నా బాకీ:
ఆరు నిమిషాల సినిమా.

ఉలాన్ ఉదేలో ఆ చలికాలం
సున్నాకి ముప్పై ఐదు డిగ్రీలు కింద.
గడ్డకట్టిన నది మీద జనం
సంచులూపుకుంటూ అవతలికి పోయేవారు,
ఏ తెప్పతోనూ పని లేకుండా.

మొదట కంప్యూటర్లో చేశాను.
ఆమె గీతలో వణుకుంది,
డెబ్బై ఆరేళ్ల చేతి వణుకు.
మర్యాద కొద్దీ దాన్ని చదును చేశాను.
సెసెగ్మా కళ్లజోడు పైకి నెట్టి చూసి
"ఎవరిదీ శవం?" అంది.

అప్పుడు నేర్చుకున్నాను,
కాగితం మీద కాగితం పరిచి, కింద దీపం పెట్టి.
ఊరికే నిలబడ్డ మనిషిని మూడుసార్లు గీయాలి.
ఎంత జాగ్రత్తగా దిద్దినా
వెంట్రుకవాసి తప్పుతుంది.
ఆ తప్పే ఊపిరి.
మూడు బొమ్మలూ వంతులవారీగా తిరుగుతుంటే
కదలనివాడు బతికి ఉంటాడు.

ఏడు చుక్కలు రాల్చడానికి వారం పట్టింది.
ఒకటి చెరిపి, కాస్త కింద ఇంకొకటి.
చూసేవాళ్లు నీళ్లు కారుతున్నాయంటారు.
ఏ చుక్కా కారలేదు.

"మరి ఇంతమందిలో అసలువాడెవడు?" అన్నాను,
తెలివైన ప్రశ్న వేశాననుకుని.
ఆమె బూజాలకి పిండి పిసుకుతోంది.
"ఎర్జెనా, నిన్న నా జామ్ సీసా
ఖాళీ చేసింది నువ్వేనా?"
"నేనే."
"అయితే ఇవాళ ఒకటి కొనుక్కురా.
ఆ లెక్కకి నువ్వు చాలు."

అసలు చిక్కు తరవాత వచ్చింది.
తెప్ప దించుతాడా, దించడా?
ఏరు దాటి తెప్ప తగలేసేవాణ్ణి లోకం మెచ్చదు.
దాన్ని మోసుకుంటూ ఊళ్లు తిరిగేవాణ్ణి చూసి
పిల్లలు నవ్వుతారు.
ఆమెనే అడిగాను.
"నలభై ఏళ్లుగా నాకూ తెలీదు.
తెలిస్తే ఒక్క బొమ్మతో ఆగేదాన్నా?"

దింపించాను.
మోకాళ్లు వంగడానికి తొమ్మిది కాగితాలు,
దుంగలు ఇసుకలో కుదురుకోవడానికి పద్నాలుగు,
లేచి నిలబడడానికి ఇరవై.
ఆడించి చూస్తే ఎక్కడో అబద్ధం.
బరువు దిగీ దిగకముందే
తల నిటారుగా ఎత్తేశాడు,
జీతం అందుకున్న గుమాస్తాలా.

బజార్లో ఒక కుర్రాడు
బంగాళాదుంపల బస్తా దించడం చూశాను.
బస్తా నేల మీద ఉంది.
మెడ ఇంకా బస్తా కిందే ఉంది.

ఆ రాత్రి పదహారు బొమ్మలు కలిపాను.
తెప్ప లేదు. మెడ వంగే ఉంది.
చేతులు పైకి లేచి
లేనిదాన్ని పడిపోకుండా సర్దాయి.

సెసెగ్మా నవ్వింది. మళ్లీ వేయమంది.
మళ్లీ.
నాలుగోసారి నవ్వలేదు.
మెడ వెనక చెయ్యి పెట్టుకుని
కిటికీ వైపు తిరిగింది.
నేను టీ తాగుతున్నట్టు నటించాను,
కప్పులో ఉప్పు తప్ప ఏమీ మిగలకపోయినా.

మార్చికి స్కానింగ్ అయిపోయింది.
పదకొండు వందల కాగితాలు, రెండు అట్టపెట్టెలు.
దాచుకుంటానన్నాను.
ఆమె పొయ్యి తలుపు తెరిచింది.
"తగలేయడమేనా?"
"ఇల్లు చల్లగా ఉంది" అంది.

ఒక్కో బొత్తీ అందించాను.
ముందు నది పోయింది, తరవాత దుంగలు.
చివర్లో నిప్పు అంచున
ఒక కాగితం మెల్లిగా చుట్టుకుంటూ
అతని మెడ పైకెత్తింది.

అది నేను గీసింది కాదు.